ఖాళీ రింగులో కుమ్మరి పురుగు

పార్సిల్ విప్పగానే రవీందర్ చేసిన మొదటి పని, నల్ల రింగు ఒకటి తీసి అందులోంచి భార్యను చూడటం. అనుపమ ఎంత ఉండాలో అంతే కనిపించింది. రెండో పని, ఆ రింగులోంచి మూడు వేళ్ళు అవతలికి పెట్టి ఆడించడం.

"ఇండ్ల అద్దమేది?"

"అద్దం ఉండదు."

"మరేముంటది?"

"ఏం ఉండదు. గాలి."

"గాలి మనింట్ల లేదా?"

రింగులు మూడు. ఒకటి సన్నం, ఒకటి మధ్యరకం, ఒకటి లావు. ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటారు వాటిని. కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగిస్తే లెన్సు కాస్త ముందుకు జరుగుతుంది. అలా జరిగినందుకు వీధి చివర ఏముందో కనబడటం మానేసి, జానెడు దూరంలో ఉన్న చీమ మేకంత కనబడుతుంది. అనుపమ ఇదంతా ఓపిగ్గా చెప్పింది. రవీందర్ అంతకంటే ఓపిగ్గా విన్నాడు.

"అంటే పైసలు పెట్టి, దూరంది కనబడకుంట చేస్కున్నవ్."

కెమెరా కొడుకు హరిప్రసాద్‌ది. వరంగల్ కాలేజీ హాస్టల్‌కు పోతూ, ఒక్క సెమిస్టర్ మోజు తీరాక ఇంట్లో పారేసి పోయాడు. ఎయిర్‌పోర్టు పక్కనున్న తమ ఊరు పాల్మాకులలో, పెరటి గోడ మీద పాకే ప్రతిదాన్నీ అనుపమ దానితో తీయడం మొదలుపెట్టింది. అది రవీందర్‌కు మింగుడుపడలేదు. అందుకు కారణం ఆయన ఉద్యోగం. ఎయిర్‌పోర్టులో పిట్టల్ని తరిమే పని ఆయనది. నారింజ రంగు జాకెట్ వేసుకుని రన్‌వే పక్క గడ్డిలో నిలబడి, గద్దలూ కొంగలూ విమానాలకు అడ్డం రాకుండా పటాకులు పేల్చి, చేతులూపి వెళ్ళగొడతాడు. పద్నాలుగేళ్ళుగా రెక్కలున్నది ఏదైనా ఆయనకు డ్యూటీయే. అలాంటివాడు ఇంటికొచ్చేసరికి పెళ్ళాం మిడత ముందు మోకాళ్ళ మీద కూర్చుని "జర ఇటు తిరుగు నాయనా" అని బతిమాలుతుంటే, తాను పగలంతా వెళ్ళగొట్టినవాటికి ఇంట్లో చాయ్ ఇచ్చి కూర్చోబెట్టినట్టు ఉండేది.

"వాపసుకు పది రోజులున్నదట," అన్నాడు రింగు డబ్బాలో పెట్టి. "పది రోజులల్ల ఒక్క ఫోటో చూపియ్యి. చూసి నా అంతట నేను 'అబ్బ' అనాలె. అంటే రింగులు ఉంటయి. లేకుంటే పోతయి."

అనుపమ సరే అంది. అన్నాక ఆలోచించింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన 'అబ్బ' అన్నది మూడుసార్లు. ఒకసారి తేలు కుట్టినప్పుడు, ఒకసారి మంచం కోడు చిటికెన వేలికి తగిలినప్పుడు. మూడోది పళ్ళ డాక్టరు దగ్గర. అది తాను బయట బెంచీ మీద కూర్చుని ఉండగా వినబడింది కాబట్టి, లెక్కలోకి వస్తుందో రాదో ఆమెకు తెలియదు.

తొమ్మిది రోజులు ఆమె చేయగలిగిందంతా చేసింది. రింగులు తగిలించాక ఫోటో తీయడం అంటే బొత్తాం నొక్కడం కాదని రెండో రోజుకే తెలిసింది. వెంట్రుక మందం ముందుకు జరిగితే పురుగు మీసం స్పష్టంగా వస్తుంది, ముఖం పోతుంది. వెంట్రుక మందం వెనక్కి జరిగితే ముఖం వస్తుంది, అప్పటికి పురుగు పోతుంది. లెన్సు తిప్పి లాభం లేదు. మోచేతులు పొట్టకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, ఒళ్ళంతా కలిపి ముందుకీ వెనక్కీ ఊగాలి. పైగా ఆ రింగులు వెలుతురు తాగేస్తాయి. ఆ ఊపిరి బిగబట్టిన క్షణంలోనే ఏ బెంగళూరు విమానమో నెత్తి మీదుగా పోతుంది, పక్కనున్న రేకుల పాక వణుకుతుంది, దానితోపాటు ఫోటో కూడా.

చీమ ఫోటో చూసి రవీందర్ "కాలిన పల్లీలు" అన్నాడు. మందారం పుప్పొడి చూసి "రవ్వలడ్డు. అవ్వ చేసిందా?" అన్నాడు, వంటింట్లో ఉన్న తల్లి వైపు చూసి. మిడత మోకాలు దగ్గర చాలాసేపు ఆగాడు. అనుపమ ఊపిరి బిగబట్టింది, అలవాటైపోయింది కదా.

"బీరకాయ," అన్నాడు. "జర ముదిరింది."

పదో రోజు పొద్దున ఆయన డ్యూటీకి పోతూ చెప్పాడు. "నాలుగింటికి జంగయ్య వస్తడు. డబ్బా రెడీగ పెట్టు."

జంగయ్య కొరియర్ మనిషి. తెచ్చేదీ ఆయనే, వాపసు తీసుకుపోయేదీ ఆయనే.

అనుపమ కెమెరాకు ఉన్న రెండు రింగుల్ని ఊడదీయబోయి, మూడోదాని కోసం వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళింది. లావు రింగును అక్కడ పెట్టి నాలుగు రోజులైంది. మూడూ కలిపి బిగిస్తే చీకటి తప్ప ఏమీ కనబడట్లేదని పక్కన పెట్టింది. తీసుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

రింగు లోపలి గోడకు మట్టి కుండ ఒకటి అతికి ఉంది. రేగుపండంత కుండ. సన్నని మెడ, మెడకు అంచు. ఎవరో తీరిగ్గా కూర్చుని చేసినట్టు ఉంది. ఆమె చూస్తుండగానే సన్నని నడుము కందిరీగ ఒకటి పచ్చటి గొంగళిపురుగును మోసుకొచ్చి, కుండలోకి తోసి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు కాళ్ళు దులుపుకుని ఎగిరిపోయింది.

"ముట్టకు!" అని వెనక నుంచి కేక. అత్తగారు శివమ్మ. డెబ్భై ఆరేళ్ళ మనిషికి అంత గొంతు ఉంటుందని అనుపమకు కొత్తగా తెలియలేదు. "కుమ్మరి పురుగు! కుమ్మరి పురుగు ఇల్లు కట్టింది! ఇంట్ల ఎవలో నీళ్ళోసుకున్నరు!"

"అత్తమ్మా, ఇంట్ల ఆడోళ్ళం ఇద్దరమే."

శివమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "నేనైతే కాదు," అంది.

"నాకు నలభై ఎనిమిది."

"మా మేనత్త యాభైల కన్నది. మంచిగ కన్నది."

అనుపమ రవీందర్‌కు ఫోన్ చేసి, రింగులో పురుగు ఇల్లు కట్టిందని చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. ఆయన అవతల గద్దల్ని "ఉష్, ఉష్" అంటూనే మాట్లాడాడు. "చాకుతోని గీకి, తుడిచి, డబ్బల పెట్టు. అవ్వకు నేను చెప్త."

అంటే నాలుగింటికి రింగులు పోతాయి, కుండ కూడా పోతుంది. పోకూడదంటే దానికి ముందే ఫోటో కావాలి. ఫోటో ఏదో అనుపమకు తెలిసిపోయింది. ఈ పురుగు కుండ నింపాక మూతి మూస్తుంది. నోట్లో తడిమట్టి ముద్ద తెచ్చి, మేస్త్రీ గోడకు పూసినట్టు పూస్తుంది. ఒక్కసారే మూస్తుంది, మూశాక మళ్ళీ ఇటు రాదు. నల్లటి రింగు మధ్యలో ఎర్రమట్టి కుండ, దాని మూతి మీద పసుపూ నలుపూ పురుగు, నోట్లో మట్టి. అది చూసి కూడా బీరకాయ అన్నాడంటే ఆయనతో ఇక మాట్లాడాల్సిన పని లేదు.

కెమెరాకు సన్నదీ మధ్యదీ రెండు రింగులు ఉన్నాయి. అవి చాలు. వెలుతురుకు స్టీలు పళ్ళెం ఒకటి అత్తగారి చేతికిచ్చి, ఎండ దాని మీద పడి కిటికీలోకి కొట్టేలా వాకిట్లో నిలబెట్టింది. పనికొచ్చే ఆలోచనే. కాకపోతే శివమ్మను వాకిట్లో నిలబెట్టడం అంటే వీధిలో మైకు పెట్టడం.

పది నిమిషాలకు పక్కింటి సక్కుబాయి వచ్చింది. "ఏంది పెద్దవ్వా, పళ్ళెం పట్టుకొని నిలబడ్డవ్?"

"నీకు తెల్వదా? మా ఇంట్ల కుమ్మరి పురుగు ఇల్లు కట్టింది."

"అయ్యో! ఎవలికి?"

శివమ్మ పళ్ళెం కదపకుండా కళ్ళతో వంటింటి వైపు చూపించింది.

సక్కుబాయి వంటింట్లోకి తొంగిచూసేసరికి అనుపమ రెండు మోచేతులూ పొట్టకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా ఊగుతోంది. ముఖం ఎర్రబడింది. పురుగు గొంగళిని లోపల పడేసి పోగానే ఆమె కెమెరా దించి, కళ్ళు తిరిగి గోడకు తల ఆనించింది. ఊపిరి అంతసేపు బిగబడితే ఎవరికైనా తిరుగుతాయి. తేరుకుని, పొద్దున్నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి, జాడీలోంచి మామిడికాయ తొక్కు ముక్క తీసి నోట్లో వేసుకుంది.

సక్కుబాయికి ఇంకేం కావాలి?

పన్నెండింటికి కిటికీ దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ ఒకేసారి ఊపిరి పీలుస్తుంటే వంటింట్లో గాలి తిరుగుతోంది. ఎదురింటి తారాబాయి రింగుకు బొట్టు పెట్టబోయింది. అనుపమ వేలు పట్టుకుని ఆపింది.

"ఏం వదినా, దిష్టి తగులుతదని గదా!"

"దాని రెక్కకు తగులుతది, నీ వేలు."

"జర కూసోరాదు నువ్వు. గట్ల నిలబడొద్దు ఈ టైంల."

"ఏ టైంల?"

తారాబాయి సిగ్గుపడి మాట మార్చింది. మాట మార్చిన చెయ్యి ఊరికే ఉండదు కాబట్టి, అగరుబత్తి వెలిగించి కిటికీలో గుచ్చింది. అప్పుడే పురుగు గొంగళితో వచ్చింది. పొగ చూసింది. గొంగళిని కిటికీ కింద వదిలేసి తిరిగి వెళ్ళిపోయింది.

అనుపమ అగరుబత్తి తీసి, నీళ్ళలో ముంచి, తారాబాయి చేతిలో పెట్టింది. చేతిలో పెట్టిన తీరు చూసి నలుగురు బయటికి నడిచారు.

ఒంటిగంట అయింది. రెండు అయింది. పురుగు రాలేదు. శివమ్మ పళ్ళెం కింద పెట్టి అన్నం తిని, మళ్ళీ పట్టుకుంది. అనుపమ తినలేదు, కదల్లేదు. నాలుగింటికి ఇంకా టైముందని తనకు తాను చెప్పుకుంటూ, డబ్బా మీద అతికించాల్సిన వాపసు కాగితాన్ని రెండుసార్లు చదివింది. వాపసుకు కారణం అన్నచోట ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేసింది.

రెండున్నరకు పురుగు వచ్చింది, గొంగళితో. మూడింటికి ఇంకోటి. అనుపమకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. ఈలోగా సక్కుబాయి తన వంతు పని చేసింది. ఆమె భర్త ఈశ్వరయ్య కూడా ఎయిర్‌పోర్టులోనే, రవీందర్ జట్టులోనే. ఫోన్ చేసి చెప్పి, "పాపం ఆమెకు వండిపెట్టేటోళ్ళు ఎవలున్నరు?" అనుకుంటూ తన వంటింట్లోకి పోయింది.

రన్‌వే పక్క గడ్డిలో ఈశ్వరయ్య పరుగెత్తుకొచ్చి రవీందర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా! ముబారక్!"

"దేనికి?"

"వదిన నీళ్ళోసుకుందట గదా! ఊరంత తెలిసింది, నువ్వేమో ఈడ కొంగలను కొట్టుకుంట నిలబడ్డవ్!"

ఆ మధ్యాహ్నం ఆ గడ్డిలో కొంగలు ఎంతసేపు ఇష్టం వచ్చినట్టు తిరిగాయో తెలియదు. రవీందర్ సూపర్‌వైజర్‌కు సగం మాటే చెప్పి, నారింజ జాకెట్ విప్పకుండానే బండెక్కి, మూడు నలభైకి ఇంటి ముందు దిగాడు. తల్లి వాకిట్లో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆ పళ్ళెం దేనికో అడిగే ధైర్యం లేక లోపలికి పోయాడు.

అనుపమ అప్పుడే ఇంకోసారి ఊపిరి బిగబట్టి, వదిలి, కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. తారాబాయి చాటతో విసురుతోంది. రవీందర్ పక్కన చతికిలబడి, రహస్యంగా అడిగాడు.

"ఎన్నో నెల?"

అనుపమ ఒక కన్ను తెరిచింది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. జాకెట్ మీద గడ్డి పోచలున్నాయి. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఇంత మెల్లగా మాట్లాడటం ఆమె వినలేదు. వెంటనే చెప్పేయవచ్చు. కానీ బీరకాయ గుర్తొచ్చింది.

"నాకెట్ల తెలుస్తది? కుమ్మరి పురుగును అడగాలె," అంది.

"పరేషాన్ చెయ్యకు అనుపమా. హరిగానికి ఏం చెప్పాలె? వాని పెండ్లికి మనం ఉయ్యాల మోసుకొని పోవాల్నా? నాకు మోకాళ్ళ నొప్పులున్నయి. దవాఖానకు పోయినవా?"

"దవాఖాన ఎందుకు? అది కిటికీల ఉన్నది."

చూపించింది. రింగు, కుండ, కింద పడిన గొంగళి. శివమ్మ వాకిట్లోంచే చెప్పింది, తారాబాయి చెప్పింది, ఆ తొక్కు ఆకలికి తిన్నదేనని అనుపమ చెప్పింది. రవీందర్ అన్నీ విన్నాడు. ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"అబ్బ," అన్నాడు. చాలా పొడుగ్గా అన్నాడు. వాకిట్లోంచి దగ్గు వినబడింది. జంగయ్య సంచీతో వచ్చి నిలబడ్డాడు, చెప్పిన టైము కంటే పది నిమిషాలు ముందే.

అనుపమ లేచి కూర్చుంది. "అన్నవ్!"

"ఏమన్న?"

"అబ్బ అన్నవ్. జంగయ్యన్నా, ఇన్నవా లేదా?"

"ఇన్న చెల్లే," అన్నాడు జంగయ్య చెప్పులు విప్పుతూ. "గేటు కాడికి ఇనబడ్డది."

"అది ఫోటో చూసి అన్నది కాదు! పానం కుదుటపడి అన్న!"

"నీ అంతట నువ్వు అంటివా లేదా?"

"అంటి. గని ఫోటో ఏది?"

"ఫోటో చూసి అనాలంటే ఫోటో ఉండాలె గదా," అన్నాడు జంగయ్య న్యాయంగా. "ఇగ డబ్బ ఇస్తరా? నాకు పక్కూరు సాతంరాయిల ఇంక రెండు పికప్‌లున్నయి."

అనుపమ డబ్బా కోసం చెయ్యి చాపింది. పురుగు వచ్చింది.

ఈసారి గొంగళి లేదు. నోట్లో తడి మట్టి ముద్ద ఉంది, గుండ్రంగా, మెరుస్తూ.

అనుపమ కెమెరా ఎత్తింది. పొద్దున్నుంచి తొక్కు ముక్క మీద బతికిన చేతులు. పురుగు మూతి మీద ముద్ద పెట్టి పరవడం మొదలుపెట్టింది. అనుపమ ఊపిరి బిగబట్టింది. కళ్ళ ముందు కుండ రెండుగా, మూడుగా కనిపించింది. ఆమెకు తెలిసిపోయింది, ఇక తన వల్ల కాదు. పక్కన ఉన్నవాడు పద్నాలుగేళ్ళుగా గద్దల వెనక గడ్డిలో నక్కి కదలకుండా నిలబడటం తప్ప వేరే విద్య నేర్చుకోలేదు.

"పట్టుకో," అని కెమెరా ఆయన మెడలో వేసింది.

"నేనా?"

"ఏం తిప్పకు. మోచేతులు కడుపుకు ఆనించు. కనబడకుంటే నువ్వే జరుగు, అది జరగదు. ఊపిరి ఆపు. అత్తమ్మా, పళ్ళెం!"

రవీందర్ తల వంచాడు. ముందు "ఏం లేదు, అంత మసక" అన్నాడు. కాస్త ముందుకు ఊగాడు. ఆగిపోయాడు.

కెమెరా చిన్నగా టక్కుమంది. ఆగింది. మళ్ళీ టక్కుమంది. నెత్తి మీదికి విమానం వచ్చింది, పాక రేకులు వణికాయి. ఆయన వణకలేదు. విమానం పోయేదాకా ఆగి, మళ్ళీ నొక్కాడు. తారాబాయి చాట ఊపడం మరిచిపోయింది. శివమ్మ పళ్ళెం మెరుపు కిటికీ చువ్వల మీద కదలకుండా నిలిచింది.

"డబ్బ..." అన్నాడు జంగయ్య.

రవీందర్ తల తిప్పలేదు. ఎడమ చెయ్యి ఒకటి వెనక్కి చాచి, గద్దల్ని వెళ్ళగొట్టినట్టు ఊపాడు. "ఉష్."

"అన్నా, వాపసు..."

"ఏం వాపసు లేదు పో. కాళ్ళతోని నునుపు చేస్తున్నది! నోటితోని తడుపుకుంట... జర ఆగు. జర ఆగు జంగన్నా, కదలకు, నీడ పడుతున్నది!"

జంగయ్య ఫోన్‌లో ఏదో నొక్కాడు, పికప్ రద్దు. అనుపమ ఆ వాపసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తొక్కు జాడీ కింద తడి అంటకుండా వేసింది.

మూతి మూయడం అయిపోయింది. పురుగు ఒకసారి కుండ చుట్టూ తిరిగి చూసుకుని వెళ్ళిపోయింది. రవీందర్ కెమెరా దించలేదు, లేని పురుగును ఇంకాసేపు చూశాడు. ఫోటోలు చూద్దామని అనుపమ చెయ్యి చాపితే ఇవ్వలేదు. తానే చూసి, తానే వేలితో పెద్దది చేసి, జంగయ్యకు చూపించాడు. "సూడు, మీసం మీద మట్టి సూడు. నేనే తీసిన." అనుపమకు పక్క నుంచి కాస్త కనబడింది. తాను పొద్దున్నుంచి అనుకున్న ఫోటోయే. అంతకంటే కాస్త బాగుందేమో కూడా. ఆ సంగతి ఆమె బయటికి అనలేదు.

శివమ్మ పళ్ళెం దించి లోపలికొచ్చి తీర్పు చెప్పింది. "మా ఇంట్ల ఎవలు లేరంటే, ఈ సామాను తెచ్చినోళ్ళ ఇంట్ల ఉండాలె. కుమ్మరి పురుగు ఊకెనే కట్టదు. జంగయ్యా, నీ పెండ్లానికి ఎన్నో నెల?"

"అవ్వా! నా చిన్నబిడ్డ డిగ్రీ అయిపోయింది!"

"మా మేనత్త..."

జంగయ్య ఆ మేనత్త సంగతి పూర్తిగా వినకుండానే చెప్పులేసుకున్నాడు. గేటు దాటాక బండి ఎక్కకుండా ఆగి, ఇంటికి ఫోన్ చేశాడు. "ఏం లేదు, ఊకెనే చేసిన. తొక్కు గిట్ల ఏమన్న తింటున్నవా?" అనడం వాకిట్లోకి వినబడింది.

ఐదింటికి ఇంట్లో కెమెరా లేదు. కెమెరాతోపాటు రవీందర్ కూడా లేడు. పెరట్లో బంతి మొక్కల మధ్య నారింజ జాకెట్ ఒక్కటే కనబడుతోంది, మోకాళ్ళ మీద. అనుపమ వంటింట్లో ఒంటరిగా కూర్చుని, అన్నం వండే ఓపిక ఉందా లేదా అని ఆలోచిస్తోంది.

అప్పుడు సక్కుబాయి వచ్చింది. మధ్యాహ్నం నుంచి తన పొయ్యి ముందే ఉన్నందుకు ఆమెకు ఇక్కడ జరిగినదేదీ తెలియదు. చేతిలో పెద్ద గిన్నె. మూత తీస్తే పులిహోర, మీద వేయించిన పల్లీలు, ఒక పక్కన నెయ్యి కారుతున్న సర్వపిండి రొట్టె ముక్కలు.

"తిను వదినా. ఇద్దరి కోసం తినాలె ఇప్పుడు."

అనుపమ గిన్నె వైపు చూసింది. ఈ వీధిలో ఫోటో తీసినందుకు ఎవరూ పులిహోర పెట్టరు. రెండు చేతులూ చాపి గిన్నె అందుకుంది.

"ఇప్పుడే ఎవలికి చెప్పకు సక్కుబాయి," అంది మెల్లగా. "రేపు ఏం వండుతున్నవ్?"